రెండు డబ్బీల మీద ఒకే పేరు

పేషెంటు పేరు మనం చెప్పకూడదు, పేషెంటుతోనే చెప్పించాలి. మూడేళ్ల కోర్సులో నాకు నేర్పిన సంగతుల్లో పొల్లు పోకుండా పాటించింది ఇదొక్కటే. దీనితోనే కొంప మునిగింది.

నేర్పింది ఆత్మారాం సార్. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖాన ల్యాబులో పనిచేసి, రిటైరయ్యాక మా యూనివర్సిటీలో ల్యాబ్ టెక్నాలజీ చెప్పడానికి వచ్చాడు. యూనివర్సిటీ అంటే ఏదో ఊహించుకోవద్దు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద మూడంతస్తుల బిల్డింగు. ఇదివరకు ఫంక్షన్ హాలు. పెళ్లివంటలు వండినచోటే ఇప్పుడు మా ల్యాబు. ఆరు మైక్రోస్కోపులుంటే నాలుగింటిలోనే ఏమైనా కనబడుతుంది. డాక్టరు కాక, నర్సు కాక దవాఖానలో ఇంకెవరెవరు కావాలో వాళ్లందరినీ ఇక్కడ తయారుచేస్తారు. ఎక్స్‌రే తీసేవాళ్లు, డయాలిసిస్ చేసేవాళ్లు, మాలాగా రక్తం, ఉచ్చ, తెమడ చూసేవాళ్లు. మా వాడకట్టులో మాత్రం నేను నర్సు చదువుతున్నానంటారు. కాదు కాదని మొదటి ఏడాదంతా చెప్పాను. తర్వాత నోరు నొప్పిపుట్టి ఊరుకున్నాను.

"నువ్వు ఫలానా ఆమెవేనా అని అడిగితే చెవులు వినబడని ముసలామె గూడ ఊఁ అంటది" అనేవాడు సార్. "నీ పేరేందమ్మా అని అడుగుండ్రి. ఆమె పేరు ఆమె నోటితోని రావాలె. వచ్చినంకనే డబ్బీ మీద రాయుండ్రి."

మూడో సంవత్సరం వర్షాకాలంలో మా బ్యాచ్‌కొక ప్రాజెక్టు ఇచ్చారు. బీడీలు చుట్టే ఆడవాళ్లలో టీబీ ఎందరికుందో చూడాలి. ఎక్కడ చేద్దామంటే, బోధన్‌లో మా వాడకట్టులోనే చేద్దాం సార్ అన్నాను. మా దగ్గర ఇంటికొక బీడీల చాట ఉంటుంది, మా వాళ్లు నా మాట వింటారు అని గొప్పలు కూడా పోయాను. మా అవ్వ, అంటే అమ్మ, శ్యామలమ్మ నాకు తెలివి వచ్చినప్పటి నుంచి బీడీలు చుడుతూనే ఉంది. మా నాయన ట్రాలీ ఆటో నడుపుతాడు. నా చదువుకు ఎవరు ఎంత కష్టపడ్డారో చెప్పి మిమ్మల్ని విసిగించను. ప్రతి ఇంట్లో అదే కథ.

శనివారం, ఆదివారం రెండు రోజులు క్యాంపు పెట్టాం. చందూర్ నుంచి వచ్చే మా క్లాసు ధనుంజయ్ బల్ల దగ్గర కూర్చుని కార్ఖానావాళ్లిచ్చిన బీడీ కార్డు చూసి, పేరడిగి, డబ్బీ మీద రాసే పని తీసుకున్నాడు. నాది నోటి పని. ఉమ్మి వేరు, తెమడ వేరు అని ఆడవాళ్లకు చెప్పడం.

"ఉమ్మి గాదు పెద్దమ్మా, తెమడ గావాలె. లోపల్నుంచి దగ్గి తియ్యాలె."

"గింతమంది నడుమ ఎట్ల దగ్గి తీస్తరే పిల్లా? సిగ్గుండద్దా?"

"అయితే రేపు పొద్దుగాల లేవంగనే, పండ్లు తోమకముందుకు తీసి పట్కరా."

ఒక్కొక్కరు రెండు డబ్బీలు ఇవ్వాలని రూలు. ఒకటి అప్పటికప్పుడు, ఒకటి మర్నాడు పొద్దున. రెండూ ఇచ్చిన పుణ్యాత్మురాళ్లు తక్కువ. చాలామంది ఒకటి ఇచ్చి దండం పెట్టారు. పదకొండు మంది ఉత్త ఉమ్మి తెస్తే వెనక్కి పంపాను. ఇది పనికిరాదు, మళ్లీ తేండి అని గట్టిగానే చెప్పాను. నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లను కూడా వదల్లేదు.

సోమవారం ఇరవై తొమ్మిది డబ్బీలు ల్యాబుకొచ్చాయి. నా రాత గుండ్రంగా ఉంటుందని సార్ రిజిస్టరు నాకిచ్చాడు. నంబరు, పేరు, శాంపిల్ చూడటానికి ఎలా ఉంది అనే గడి. ఆ మూడో గడిని అందరూ ఖాళీగా వదిలేస్తారు. నేను వదల్లేదు. రుక్మాబాయి పేరుతో రెండు డబ్బీలున్నాయి. రుక్మాబాయి మా ఎదురింటామె, నేను పెద్దవ్వ అని పిలుస్తాను. పెద్దవ్వ ఎంత బుద్ధిగా రెండూ ఇచ్చిందో అని మురిసిపోయాను. మొదటిది పలచగా, తెల్లగా ఉంది. రెండోది చిక్కగా పచ్చగా ఉంది, నడుమ గోధుమరంగు నలక. "తంబాకు నలక" అని మూడో గడిలో రాశాను. బీడీలు చుట్టేవాళ్ల తెమడలో అది మామూలే అనుకున్నాను.

మొదటి డబ్బీ స్లైడులో ఏమీ లేదు. ఆ రెండో డబ్బీ స్లైడులో కనబడ్డాయి టీబీ క్రిములు, నీలం మీద ఎర్రటి సన్నపుల్లలు. పుస్తకంలో బొమ్మలుగా చూసినవి నా కంటి కింద నిజంగా ఉన్నాయి. "సార్, దొరికింది" అని అరిచాను. అందరూ నా మైక్రోస్కోపు చుట్టూ మూగారు. సార్ చూసి భుజం తట్టాడు. నాకు సంతోషం ఆగలేదు. ఆ పుల్లలు ఒక మనిషి ఊపిరితిత్తుల్లోంచి వచ్చాయన్న సంగతి నాకు బస్సెక్కేదాకా గుర్తు రాలేదు. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంటికి పోయేసరికి అవ్వ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని ఆకు మలుస్తోంది. రుక్మా పెద్దవ్వకు టీబీ ఉందని చెప్పాను. అవ్వ చెయ్యి ఆగింది.

"అయ్యో, మా అక్కకా? ఎంత పని జేసె దేవుడు. మరి నాదేమొచ్చిందే?"

"నువ్వు ఇయ్యనేలేదు గదనే. లిస్టుల నీ పేరే లేదు."

"ఎందుకియ్యలే? ఆదివారం పొద్దుగాల నువ్వు అటు రాకముందుకే, పండ్లు గూడ తోమకుంట తీసుకపోయిన. నువ్వు జెప్పినట్టే."

"ఏం పేరు జెప్పినవ్?"

అవ్వ నా మొహం చూసి తల దించుకుంది. "గా పిలగాడు కార్డు సూసి పేరేందమ్మా అన్నడు. రుక్మాబాయి అన్న. నోట్లెకెళ్లి గదే వచ్చింది బిడ్డా."

అవ్వకు సొంత కార్డు లేదు. కార్ఖానావాళ్లు కొత్త కార్డులివ్వడం మానేసి చాలా ఏళ్లయింది. ఐదేళ్ల కింద పెద్దవ్వ వేళ్లు వంకర్లు పోయి చాట పక్కన పెట్టేసింది. అప్పటి నుంచి ఆమె కార్డు మీద మా అవ్వ చుడుతోంది. వారం కూలి అవ్వది, బీడీ పింఛను పెద్దవ్వది. మా వాడకట్టులో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి, ఎవరూ దాన్ని తప్పనుకోరు. బీడీలు లెక్కపెట్టుకునే టేకేదారు ముందు, కార్ఖానా గుమస్తా ముందు, బీడీల దవాఖానలో, ఎక్కడ పెన్నూ రిజిస్టరూ కనబడితే అక్కడ మా అవ్వ రుక్మాబాయి. అక్కడ శ్యామలమ్మ అని నోరు జారకుండా అలవాటు చేసుకుంది, పాపం. ధనుంజయ్ కూడా రూలు ప్రకారమే అడిగాడు. పేరు ఆమె నోటితోనే వచ్చింది.

"ఎవలికన్న తెలిస్తే కార్డు తీసేస్తరే" అంది అవ్వ. "నాకు పని పోతది, అక్కకు పింఛను పోతది. నోరు మూసుకో."

మూసుకున్నాను. ఇద్దరిలో ఒకరికి టీబీ. పెద్దవ్వ వయసులో పెద్దది, ఏళ్ల తరబడి దగ్గుతోంది, ఆమెకే అయ్యుంటుందని తేల్చేసుకున్నాను. అవ్వ కూడా దగ్గేది. అది తంబాకు ఘాటు. రిజిస్టరు మళ్లీ తెరిచి చూద్దామన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, భయపడ్డాను, తెరవలేదు.

కానీ మనసు ఊరుకోదు కదా. మర్నాడు పొద్దున అవ్వ చేతికి కొత్త డబ్బీ ఇచ్చాను. పెరట్లోకి పోయి వచ్చి తెచ్చింది. నీళ్లలాంటి ఉమ్మి. పదకొండు మంది మొహాన కొట్టి వెనక్కి పంపానే, అచ్చం అదే. మా అవ్వది మాత్రం సంచిలో పెట్టుకుని పోయాను. ఎవరూ లేనప్పుడు స్లైడు చేసి చూశాను. ఏమీ లేదు. ఉమ్మిలో ఏముంటుంది? అవ్వకు లేదు, లేదు, అని ఆ రోజు ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంటికొచ్చి చెప్తే అవ్వ గుడ్లకూర వండింది. నాకు ఒకటి ఎక్కువ వేసింది.

పెద్దవ్వకు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఎక్స్‌రే తీయించాం. ఇన్నేళ్లు తంబాకు పీల్చిన ఊపిరితిత్తులు, మచ్చ ఉండకుండా ఉంటుందా? ఉంది. మిషన్ మీద ఇంకో పరీక్ష చేయాలి కానీ, దానికి కావలసిన సరుకు ఆ నెల రాలేదన్నారు టీబీ దవాఖానవాళ్లు. స్లైడు చాలన్నారు. రెండు వారాల్లో గోలీలు మొదలయ్యాయి. మింగించే బాధ్యత నాకే అప్పజెప్పారు. రోజూ పొద్దున బస్సుకు పోయే ముందు ఎదురింట్లోకి పోయి గోలీలు చేతిలో పెట్టి మింగేదాకా నిలబడేదాన్ని.

"గోలీలు ఎర్రటివి పెద్దవ్వా, మూత్రం ఎర్రగొస్తది. బుగులు పడకు."

"నర్సమ్మవు నువ్వున్నంక నాకేం బుగులే?" అనేది. చుట్టడం మా అవ్వకు నేర్పింది ఆమే. ఆకు కత్తిరిస్తే మిగిలిన ముక్కలు నాకు ఆడుకోవడానికిచ్చింది కూడా ఆమే.

నాలుగో వారానికి అన్నం సహించడం లేదంది. గోలీలు అట్లనే చేస్తాయి, ఏదో ఒకటి తిని మింగు అన్నాను. ఐదో వారం వాంతులన్నది. అవి కూడా గోలీల వల్లే, ఓర్చుకో అన్నాను. ఆ తర్వాత ఆమె నాకు ఏమీ చెప్పలేదు. చెప్పినప్పుడల్లా నా దగ్గర జవాబు తయారుగా ఉండేది కదా, ఇంకేం చెప్తుంది? ఆరో వారంలో కోడలు భాగ్యలక్ష్మి పరుగెత్తుకొచ్చింది.

"నవతా, అత్తమ్మ కండ్లు సూద్దువు రా. పసుపు రాసినట్టున్నయే."

కామెర్లు. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో చేర్చాం. టీబీ గోలీలకు లివరు దెబ్బతిన్నదని డాక్టరమ్మ చెప్పింది, గోలీలన్నీ ఆపించింది. "వారం నుంచి మూత్రం కాఫీ రంగులో వస్తుంటే ఎందుకు చెప్పలేదు?" అని కోప్పడింది.

"ఎర్రగొస్తది బుగులు పడొద్దని నవతనే జెప్పింది గద మేడం" అంది భాగ్యలక్ష్మి వదిన. ఆమె గొంతులో నా మీద కోపం లేదు. నిజంగానే నా మాట మీద నమ్మకంతో చెప్పింది. నాలుగు తిట్టినా బాగుండేది.

వరినాట్లకు ఆఖరు రోజులు. కూలికి పోకపోతే భాగ్యలక్ష్మి వదినకు గడవదు. పగలు పెద్దవ్వ దగ్గర ఎవరుండాలి? మా అవ్వ ఉంటానంది. చాట పక్కన పడేసి, పొద్దున నిజామాబాద్ బస్సెక్కి జావ డబ్బాతో వచ్చేది, సాయంత్రం నాతోపాటు తిరిగొచ్చేది. బస్సు దిగి నడుస్తుంటే అవ్వ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునేది. జాకెట్టు వదులైంది. నేను చూస్తూనే ఉన్నాను.

వారం రోజులు రిజిస్టరున్న బీరువా వైపు పోలేదు. ఎనిమిదో రోజు పోయాను. పేజీ వెతకనక్కర్లేదు, చెయ్యి పెడితే అదే తెరుచుకుంది. నా గుండ్రటి రాతలో ఉంది, తంబాకు నలక. పెద్దవ్వ తంబాకు ముట్టి ఐదేళ్లయింది. ఈ సంగతి నాకు క్యాంపు రోజు తెలుసు, స్లైడు చూసిన రోజు తెలుసు, అవ్వ తల దించుకున్న రోజు తెలుసు. జబ్బు మా అవ్వది. మందు పెద్దవ్వతో మింగించాను.

ఆత్మారాం సార్ దగ్గరికి పోయి రిజిస్టరు ముందు పెట్టి అంతా చెప్పాను. కార్డు సంగతి, ఇంట్లో తీసిన ఉమ్మి సంగతి, అన్నీ. తిడతాడనుకున్నాను.

"మూడో గడి ఎవరు రాసిండ్రు?" అన్నాడు.

"నేనే సార్."

"అందరు ఖాళీ ఇడిసిపెడ్తరు. నువ్వు రాసినవ్. రాసి, చదవలేదు." రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. "నేను గూడ చదవలే. సంతకం నాదే ఉన్నది. ఇగ విను. కామెర్లు తగ్గంగనే డాక్టర్లు అవే గోలీలు మల్ల ఒక్కొక్కటి షురూ జేస్తరు. టీబీ ఉన్నదని కాగితం మీద ఉన్నది గద. ఈసారి ఆమె లివరు ఓర్వది. అంతలోపల నువ్వు జెప్పాలె. మీ అమ్మకు గూడ ఇయ్యాల్నే పరీక్ష జేయించు."

"నా చదువు సార్?"

"పరీక్షకు కూసోనిస్తరో లేదో నాకు తెల్వది. కామెర్లు దిగేలోపల నువ్వు చెప్పకుంటే నేనొచ్చి చెప్త."

అక్కడి నుంచి నేరుగా వార్డుకు పోయాను. అవ్వ డబ్బా కడగడానికి నల్లా దగ్గరికి పోయింది. పెద్దవ్వ ఒక్కతే ఉంది. చెప్పేశాను. ఆ పసుపు కళ్లతో నన్ను చాలాసేపు చూసింది.

"అంటే నాకు రోగం లేదా?"

"లేదు పెద్దవ్వా."

"ఉత్తగ మింగిననా గివన్ని?"

నాకు ఏడుపొచ్చింది. కాళ్లు పట్టుకోబోయాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. డాక్టరమ్మకు చెప్తానన్నాను. అప్పుడు లేచి కూర్చోబోయింది.

"చెప్పకు. చెప్తే కార్డు గుంజుకుంటరు. కోడలు పింఛను చూసి ఇంత బువ్వ పెడుతున్నదో, నన్ను చూసి పెడుతున్నదో నాకెర్కలే, ఎర్క జేస్కునే ఓపిక లేదు. మింగుమంటే మల్ల మింగుత తీ. మీ అవ్వకు గూడ చెప్పకు. అక్క కార్డు మీద ఇంత ముద్ద తింటి, అక్కకే గిట్ల జేస్తి అని ఏడుస్తది అది."

నిజం చెప్పమంటారా? ఆమె వద్దన్నందుకు నాకు హాయిగా అనిపించింది. పెద్దమనిషి అడిగింది, ఆమె మాట కాదనొద్దు, రెండు రోజులు చూద్దాం అనుకున్నాను. రెండు రోజులు మూడయ్యాయి, నాలుగయ్యాయి. అవ్వను పరీక్షకు పట్టుకుపోవాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే అన్నీ చెప్పాలి. సార్ కనబడితే మెట్ల వెనక నుంచి తప్పుకునేదాన్ని. ఏడో రోజు వచ్చి నిలబడింది.

పొద్దున రౌండ్సు. నేను, అవ్వ అప్పుడే బస్సు దిగి వచ్చాం. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "రుక్మాబాయీ, కామెర్లు దిగుతున్నయి, మంచిగైతున్నవ్" అని నవ్వింది. సిస్టరు వైపు తిరిగి, "రేపటి నుంచి టీబీ మందు మళ్లీ మొదలుపెడదాం. ముందు ఒకటి" అంది. పెద్దవ్వ నా వైపు చూసింది. వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ చేతి మీద సూది పోట్లు, నల్లటి మచ్చలు. డాక్టరమ్మ వార్డు దాటి వరండాలోకి పోయింది. నేను వెనకే పరుగెత్తాను.

"మేడం, ఆమెకు టీబీ లేదు."

వరండాలో నిలబడే చెప్పాను. రెండు నెలలకు పైగా దాచిన సంగతి చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రెండో డబ్బీ మా అవ్వదని మాత్రం చెప్పలేదు. డాక్టరమ్మ కేస్ షీటు తెప్పించుకుని, రాసిన మందు కొట్టేసి, పక్కన ఏదో రాసింది. పెద్దవ్వ ఇక ఆ గోలీలు మింగక్కర్లేదు. కార్డు పోతే పోనీ, చదువు పోతే పోనీ, మనిషి బతికింది అనుకున్నాను.

"సరే, ఈమె సంగతి అయింది" అంది డాక్టరమ్మ. "ఆ స్లైడు ఎవరిదో ఆమె సంగతేంది? ఇన్ని రోజులు మందు లేకుండ తిరుగుతున్నదా? ఎక్కడుంది? ఆమె దగ్గర ఎవరెవరుంటున్నరు? ఈ ముసలామెకైతే ఇప్పుడు చిన్న జలుబును తట్టుకునే శక్తి గూడ లేదు, ఆ స్లైడు ఆమెను ఈమె ఛాయలకు రానియ్యకండి."

వార్డు తలుపులోంచి చూశాను. అవ్వ మంచం మీదికెక్కి కూర్చుని, పెద్దవ్వ తలను తన భుజానికి ఆనించుకుంది. పదిహేను రోజులుగా అలాగే తినిపిస్తోంది. జావ వేడిగా ఉన్నట్టుంది. చెంచాతో తీసి, వచ్చే దగ్గును ఆపుకుని, చెంచా తన నోటి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా ఊదింది. పెద్దవ్వ నోరు తెరిచింది.